మూడోసారి అడగని చట్టం

“మీ నాయనమ్మ పేరు చట్టంలో పెట్టమంటారా, వద్దంటారా?”

డెబ్భై దాటిన ఆర్డిస్ మోయెన్‌ని జీవితంలో ఎవరూ ఏ సంగతీ ఇంత సూటిగా అడగలేదు. సెల్మర్ పెళ్ళి మాట ఎత్తినప్పుడు కూడా ముందు వాన గురించి, ఆ తర్వాత వాళ్ళ నాన్న కొన్న ట్రాక్టరు గురించి మాట్లాడి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “నీకు వేరే పనేం లేకపోతే...” అన్నాడు. ఆమె “ఎందుకులే” అంది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చర్చి అయ్యాక మళ్ళీ అడిగితే మళ్ళీ “ఎందుకులే” అంది. మూడోసారి అడిగినప్పుడు “సరే, నీ ఇష్టం” అంది. అతను పోయేదాకా చక్కగా కాపురం చేశారు. నార్త్ డకోటాలో ఎల్క్ ఏటి ఒడ్డున ఉన్న నోర్‌డాల్‌లో మర్యాదస్తుల పెళ్ళిళ్ళన్నీ అలాగే కుదిరాయి.

ఫోన్లో అవతల ఉన్నవాడి పేరు డెవ్లిన్ ప్రాసర్. న్యూజెర్సీ కుర్రాడు. వాషింగ్టన్‌లో, కాంగ్రెస్ తరఫున పార్కుల బిల్లులు చూసే సబ్‌కమిటీలో ఉద్యోగి. అతని ముందు ఆ రోజు ఇంకో పదిహేను బిల్లులున్నాయి. ఆర్డిస్ ముందు పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. ఆమె ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ అంది:

“అబ్బే, ఎందుకండీ మీకు శ్రమ.”

“సరే మేడమ్. థాంక్స్” అని అతను పెట్టేశాడు.

ఆర్డిస్ రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు నిలబడింది. లైను తెగిందనుకుంది. పాపం మళ్ళీ చేస్తాడు కదా అని ఆ సాయంత్రం చర్చి పాటల సాధనకి వెళ్ళలేదు. మర్నాడు సరుకులకి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ఉన్న పిండితోనే లెఫ్సె రొట్టెలు కాల్చుకుని తింది. ఆ వారమంతా ఫోను ఒక్కసారే మోగింది. ట్రాక్టరు బీమా వాళ్ళు. సెల్మర్ పోయాడని, ట్రాక్టరు కూడా పోయిందని వాళ్ళకి మర్యాదగా చెప్పి, మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది.

ఆ పేరు ఆమెకి కావాలి. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఆర్డిస్ తనంతట తను చెప్పే మనిషి కాదు. ఆమె నోటి నుంచి వచ్చేదాకా ఆగుదామంటే ఈ కథ కూడా వాషింగ్టన్‌లో బిల్లులాగా ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

ఏటి మలుపులో మూడంతస్తుల చెక్క పిండిమర ఒకటుంది. థియొడోర్ లింద్ అనే ఆయన అప్పు తెచ్చి కట్టించాడు. కట్టిన మూడేళ్ళకే, గోధుమల్ని పిండి చేయడం కన్నా గోధుమల ధర మీద పందెం కాయడం లాభమని కనిపెట్టి, మరని కౌలుకిచ్చి మినియాపొలిస్ చెక్కేశాడు. కౌలుకి తీసుకున్న ట్వైటెన్ ఒక చలికాలం నీటిచక్రం మీద పేరుకున్న మంచు గొడ్డలితో కొడుతూ జారి ఏట్లో పడ్డాడు. శవం వసంతంలో గానీ దొరకలేదు. అప్పటికే అతని భార్య, అంటే ఆర్డిస్ నాయనమ్మ గున్‌హిల్డ్, చంకలో పిల్లవాడితో మర తిప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళకి పైగా తిప్పింది. అన్నేళ్ళూ పిండి సంచుల మీద ‘లింద్’ అనే అచ్చు వేసింది. ఉన్న అచ్చుదిమ్మ అదొక్కటే. కొత్తది చేయించడం ఆవిడ దృష్టిలో శుద్ధ దండగ.

డెబ్భైల్లో కాంగ్రెస్ ఆ మరని జాతీయ చారిత్రక స్థలం చేసినప్పుడు, ఎవరో అధికారి వచ్చి అద్దాల పెట్టెలో ఉన్న పిండి సంచి చూసి వెళ్ళాడు. సంచి మీద పేరు చట్టంలోకి ఎక్కింది. చట్టంతో ఎక్కిన పేరు మళ్ళీ చట్టంతోనే దిగాలి. ఆ మర కప్పు మొత్తం పీకి కొత్తది వేయించాలంటే పార్కు మేనేజరు సంతకం చాలు. దాని పేరులో ఇంకో పేరు చేర్చాలంటే ప్రతినిధుల సభ కావాలి, సెనేట్ కావాలి, పైన అధ్యక్షుడి సంతకం కావాలి. వీళ్ళలో ఒక్కరికైనా గోధుమని ఏ వైపు నుంచి పొయ్యాలో తెలియదు. అది వేరే సంగతి.

ఆర్డిస్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. మంచు తుఫానుల్లో కూడా నడిపింది. పిల్లలు అరిస్తే అద్దంలోంచి ఒక చూపు చూసేది, అంతే, మాటతో పని లేదు. ఉద్యోగం మానేశాక వేసవుల్లో మర దగ్గర జీతం లేని గైడుగా చేరింది. వచ్చినవాళ్ళు అడుగుతారు: “లింద్ అంటే ఎవరండీ?”

“మర కట్టించినాయన.”

“గొప్పాయనా?”

“కట్టించాడు” అంటుంది ఆర్డిస్.

“మీరు వాళ్ళ చుట్టాలా?”

“కాదండీ.” అక్కడితో ఆగిపోతుంది. పక్కనే నేల మీద పరిచిన తిరగలి రాళ్ళు, ఆ రాళ్ళకి గంట్లు కొట్టిన ఉలులు ఉంటాయి. రాయి మీద ఉలి దెబ్బ పడ్డప్పుడల్లా ఎగిరిన ఉక్కు రజను గున్‌హిల్డ్ అరచేతుల వెనక చర్మంలోకి దిగి నీలం చుక్కలుగా ఉండిపోయింది. చిన్నప్పుడు ఆర్డిస్ అవి పుట్టుమచ్చలనీ, పెద్దయితే తనకీ వస్తాయనీ అనుకునేది. రాలేదు. బస్సు స్టీరింగుతో వచ్చేవి కాయలే.

గున్‌హిల్డ్ గురించి ఒక ప్రొఫెసరమ్మ వ్యాసం రాసింది. అందులో ఆవిడని ‘ప్రెయిరీ శ్రమజీవుల తల్లి’ అంది. ఆర్డిస్ ఆ వ్యాసం చదివి రొట్టెల డబ్బా కింద దాచేసింది.

“తల్లేంటి, ఆవిడకి పిల్లలంటేనే గిట్టదు” అంది లవోన్‌తో. లవోన్ ఆమెకి చర్చి వంటగదిలో నలభై ఏళ్ళ జోడీ.

నిజానికి గున్‌హిల్డ్ బూతులు తిట్టేది. నార్వే మనిషి కాబట్టి, స్వీడన్ వాళ్ళ బళ్ళు ఎంత ముందొచ్చినా వరసలో చివరికి నెట్టేది. వేళ కాని వేళ ఉపదేశానికి వచ్చిన పాస్టరు మీదికి పిండి చేట విసిరిందని చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు, పాస్టర్లు మాత్రం చెప్పరు. ఆర్డిస్‌కి ఆవిడ త్యాగమూర్తి అని గానీ, ఎవరికో స్ఫూర్తి అని గానీ ఏ భ్రమా లేదు. ఆమె లెక్క చాలా చిన్నది. మర నడిపింది గున్‌హిల్డ్. నడిపిన మనిషి పేరు మర మీద ఉండాలి. ఇంత చిన్న లెక్క పైకి చెప్పడం ఆమె వల్ల కాలేదు. సొంత నాయనమ్మ కోసం అడగడమంటే సొంతానికి అడగడమే. సొంతానికి అడగడం నోర్‌డాల్‌లో చొక్కా లేకుండా చర్చికి రావడంలాంటిది.

అందుకే ఆ పని పక్క పొలం ఓర్లిన్ బక్కెరూడ్ నెత్తికెత్తుకున్నాడు. ఓర్లిన్ జిల్లా చరిత్ర సంఘానికి అధ్యక్షుడు. వేరే ఎవరూ ఒప్పుకోలేదు, అతను మూడోసారి కూడా వద్దనలేకపోయాడు, అలా అయ్యాడు. సంఘం సమావేశంలో లేచి, “ఆ మర పేరు గురించి ఎవరైనా ఎప్పుడైనా ఆలోచిస్తే తప్పేం లేదేమో” అన్నాడు. అది ప్రతిపాదన అని సభ్యులకి అర్థం కావడానికి ఒక శీతాకాలం పట్టింది. ఏకగ్రీవంగా ఆమోదించడానికి ఇంకొకటి పట్టింది. వాళ్ళ ప్రతినిధిగారు ఊరికి వచ్చినప్పుడు ఎవరో చెవిన వేశారు. ఆయన ‘లింద్–ట్వైటెన్ మిల్లు’ అని పేరు మార్చే బిల్లు పెట్టాడు. కాంగ్రెస్ గడువు రెండేళ్ళు. గడువు తీరగానే ఆమోదం కాని బిల్లులన్నీ చచ్చిపోతాయి. ఇదీ చచ్చింది. కొత్త నంబరుతో పుట్టింది. మళ్ళీ చచ్చింది. వాషింగ్టన్‌లో ఎవరికీ దాని మీద పగ లేదు. ఎవరికీ ఆకలి వెయ్యని వంటకంలా అది బల్ల మీద అలా చల్లారిపోయేది, అంతే. మూడోసారి సబ్‌కమిటీ దాన్ని చేతిలోకి తీసుకుంది. మనిషి పేరు చేర్చేముందు కుటుంబాన్ని ఒక మాట అడగడం అక్కడి ఆనవాయితీ. ఆ అడగడానికే డెవ్లిన్ ఫోను చేశాడు.

ఒక్కసారి.

డిసెంబరులో, కాంగ్రెస్ ఇంటికి పోయే తొందరలో, వంతెనలూ నీటి కాలవలూ పోస్టాఫీసులూ అన్నీ కలిపి వెయ్యి పేజీల బిల్లు ఒకటి గంపగుత్తగా పాసయింది. అందులో ఎక్కడో నోర్‌డాల్ మర కూడా ఉంది. ఆదివారం ప్రార్థన తర్వాత, చర్చి కింది గదిలో కాఫీ దగ్గర, ఓర్లిన్ పేపరు తెరిచి ఆనందంగా చదవబోయి ఆగిపోయాడు.

“ఏమైంది?” అంది లవోన్.

“‘థియొడోర్ ఎ. లింద్ వారసత్వ పిండిమిల్లు జాతీయ చారిత్రక స్థలం’ అట.”

ఆర్డిస్ తన పళ్ళెంలో కేకు ముక్కని ఫోర్కుతో రెండు చేసింది, నాలుగు చేసింది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. లింద్ ముని మనవడు బ్రాడ్‌ఫర్డ్ కాలిఫోర్నియాలో ఉంటాడు. మా ముత్తాత పూర్తి పేరు పెట్టండి, ‘వారసత్వం’ అనే మాట కూడా తగిలించండి అని అతను సూటిగా ఒక ఉత్తరం రాసి పడేశాడు. ట్వైటెన్ వాళ్ళేమో అక్కర్లేదన్నారు. లింద్ వాళ్ళు కావాలన్నారు. పేరు మార్పు బిల్లన్నాక ఏదో ఒకటి మార్చాలి. డెవ్లిన్ తన పని తను శ్రద్ధగా చేశాడు.

“నువ్వు వద్దన్నావా?” అని మెల్లగా అడిగింది లవోన్.

“ఎందుకండీ శ్రమ అన్నాను.”

“మరి అదే కదా అనాలి. రెండోసారి అడిగినప్పుడో?”

“రెండోసారి అడగలేదు.”

లవోన్ కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. “ఒక్కసారేనా అడిగింది?”

“ఒక్కసారే.”

“మాటల మధ్యలో ఇంకోసారి అన్నాడేమో. నువ్వు లెక్కేసుకోలేదేమో.”

“లేదంటే లేదు లవోన్. ఎందుకండీ అన్నాను, సరే అని పెట్టేశాడు.”

“పోనీ ఆలోచించుకోండి అని కూడా అన్లేదూ?”

“అన్లేదు.”

ఓర్లిన్ పేపరు మడిచాడు. “ఎలాంటి ఇంట్లో పెరిగాడో” అన్నాడు. ఆ గదిలో అంత ఘాటైన మాట పడడం అదే మొదలు. యుద్ధాలప్పుడు కూడా ఎవరూ అంత మాటనలేదు.

ఇక్కడ ఇంత కోపం ఎందుకో నోర్‌డాల్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చినవాడికి కాఫీ ఇవ్వబోతే అతను వద్దంటాడు. మళ్ళీ ఇవ్వబోతే మళ్ళీ వద్దంటాడు. మూడోసారికి “సరే, అర కప్పు” అంటాడు. నిండు కప్పు పోస్తారు. మొదటి వద్దు మర్యాద, రెండోది మొహమాటం, మూడోదానికి గానీ మనసులో మాట బయటపడదు. ఇది నార్వేనుంచి వచ్చిన తాతల దగ్గర నేర్చిందని గర్వంగా చెప్పుకుంటారు. దీనివల్ల ఎన్ని పొలాలు అమ్ముడుపోలేదో, ఎన్ని నొప్పులు డాక్టరు దాకా వెళ్ళలేదో మాత్రం చెప్పుకోరు. వినయం మంచిదే. కానీ అవతలివాడికి ఈ ఆట తెలియనప్పుడు అది వినయం కాదు, గోడకి చెప్పుకోవడం.

సంగతి చక్కబెడతానని ఓర్లిన్ వాషింగ్టన్‌కి ఫోను చేశాడు. ఆర్డిస్, లవోన్ పక్కనే కూర్చుని విన్నారు.

“ఏదో అడుగుదామని కాదు బాబూ...” అని మొదలెట్టాడు.

“చెప్పండి సార్. ఏం కావాలి?”

“కావాలని కాదు. మీకు వీలుంటే, ఎవరికీ ఇబ్బంది లేకపోతే, ఆ పేరు సంగతి... అయినా చట్టం అయిపోయాక చేసేదేముందిలే.”

“అయిపోయింది సార్.”

“అదే అంటున్నా. బాగానే ఉంది.”

“నచ్చిందా? సంతోషం సార్. మీ అభిప్రాయం ప్రతినిధిగారికి తెలియజేస్తాను.”

కొన్నాళ్ళకి ప్రతినిధిగారి సంతకంతో ఉత్తరం వచ్చింది. కొత్త పేరుకి చరిత్ర సంఘం అందించిన మద్దతుకు కృతజ్ఞతలని అందులో ఉంది. ఓర్లిన్ దాన్ని ఆర్డిస్‌కి చూపించాడు. ఆర్డిస్ చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది.

“నువ్వు చేసిన సాయానికి థాంక్స్ ఓర్లిన్.”

“ఎందుకులే” అన్నాడు ఓర్లిన్. మొహం కందగడ్డలా అయింది.

జూన్‌లో కొత్త పేరు సభ పెట్టారు. హైవే మలుపులో బోర్డు మారిస్తే బాగుంటుందని బ్రాడ్‌ఫర్డ్ అన్నాడు. ఆ బోర్డు చరిత్ర సంఘానిది. ఎవరూ కాదనలేకపోయారు. ఊళ్ళో బోర్డులు రాసే వెర్నెల్ ఊస్ పాత బోర్డు దింపి, ‘థియొడోర్ ఎ. లింద్’ అని బంగారు రంగులో రాసి నిలబెట్టాడు. పేరు పొడుగు కదా, పలక కూడా పెద్దది పట్టింది.

బ్రాడ్‌ఫర్డ్ తెల్ల బూట్లు వేసుకుని వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. “మా ముత్తాత ఈ నేలని ప్రాణంగా ప్రేమించాడు” అన్నాడు. ప్రాణంగా ప్రేమించి మూడేళ్ళలో ఎందుకు పారిపోయాడో చెప్పేలోగా వాన పడింది. జనమంతా చర్చి కింది గదిలోకి పరిగెత్తారు. డెవ్లిన్ కూడా వచ్చాడు. తడిసిన కోటుతో, అలిసిన మొహంతో. తెల్లవారుజామునే విమానం ఎక్కి, ఆపైన నాలుగు గంటలు కారు నడిపాడట. చూడ్డానికి దుర్మార్గుడిలా లేడు. అది ఆర్డిస్‌కి ఇంకా చిరాకు తెప్పించింది.

కాఫీ పోయడం ఆమె వంతు. కూజా పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ అతని దగ్గరికి వచ్చింది.

“కాఫీ?”

“వద్దండీ, పర్లేదు” అన్నాడు డెవ్లిన్ మర్యాదగా.

ఆర్డిస్ “సరే” అని పక్క బల్లకి వెళ్ళిపోయింది.

లవోన్ హాట్‌డిష్ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఉండిపోయింది. ఆ చర్చి కట్టిన నాటి నుంచి ఎవరికైనా రెండోసారి కాఫీ అడగకుండా వదిలేయడం అక్కడ జరగలేదు. పన్ను వసూలు చేసేవాడికి కూడా జరగలేదు.

“ఆర్డిస్!” అంది లవోన్ గుసగుసగా.

“వద్దన్నాడుగా.”

“వద్దంటే?”

“వద్దంటే వద్దనే. వాళ్ళ ఊళ్ళో అంతేనట.”

కాసేపటికి డెవ్లిన్ లేచి ఖాళీ కప్పుతో ఆమె దగ్గరికి వచ్చాడు. అందరూ పళ్ళేల్లోకి చూస్తూ చెవులు ఇటు పెట్టారు.

“మేడమ్, కొంచెం కాఫీ దొరుకుతుందా?”

“మీరు వద్దన్నారు కదండీ.”

“ఊరికే అన్నానండీ. ఇంకోసారి అడుగుతారనుకున్నా” అని నవ్వాడు.

ఆర్డిస్ నవ్వలేదు. “నేనూ అలాగే అనుకున్నా” అంది.

డెవ్లిన్‌కి అర్థం కాలేదు. ఓర్లిన్ ఆగలేకపోయాడు. మైకు ముందు కూడా పెదవి విప్పని మనిషి, కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

“ఆవిడ గున్‌హిల్డ్ మనవరాలయ్యా. నువ్వు ఫోన్లో అడిగింది ఆవిణ్ణే. ఇక్కడ మూడుసార్లు అడిగితే గానీ అడిగినట్టు కాదు. నువ్వు ఒక్కసారి అడిగి ఫోను పెట్టేస్తే ఆవిడ వారం రోజులు ఇల్లు కదల్లేదు.”

“ఓర్లిన్, కూర్చో” అంది ఆర్డిస్.

డెవ్లిన్ కప్పు పక్కన పెట్టాడు. అతని మొహంలో రంగు మారింది. “మేడమ్... ఆ రోజు మీకు... మళ్ళీ అడగమంటారా?”

అతను రెండోసారి అడగబోతున్నాడు. మళ్ళీ వద్దనాలి. అప్పుడతను మూడోసారి అడగాలి. అడగకపోతే? మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఫోను మోగితే, వాన తగ్గి అందరూ లేచిపోతే? ఆర్డిస్‌కి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఇతని మీద కాదు. సెల్మర్ మూడోసారి రాకపోయుంటే తను ఏమయ్యేదో అని ఎన్నేళ్ళో వేసుకోని ప్రశ్న ఇప్పుడు ఎదురొచ్చి నిలబడింది.

“అడగక్కర్లేదు” అంది. “కావాలి. మా నాయనమ్మ పేరు ఆ మర మీద నాకు కావాలి.”

కొందరు గోడ మీద ఏసు బొమ్మ వైపు చూశారు. కొందరు బూట్ల వైపు చూసుకున్నారు. లవోన్ ఎందుకో తన ఏప్రను ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

“ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదా మేడమ్” అన్నాడు డెవ్లిన్ నీరసంగా. “మళ్ళీ చట్టం చెయ్యాలిప్పుడు. దీనికెన్నేళ్ళు పడుతుందో మీకు తెలుసా?”

“నువ్వు ఇంకో రెండు సార్లు అడగొచ్చు కదా బాబూ. దానికెంతసేపు పడుతుందో నీకు తెలుసా?”

బ్రాడ్‌ఫర్డ్ లింద్ పెద్దమనిషి తరహాగా ముందుకొచ్చాడు. “మా వైపు నుంచి అభ్యంతరం లేదు. మా ముత్తాత పేరు ముందుంటే చాలు.”

“ముందున్నా వెనకున్నా ఏముందిలెండి” అంది ఆర్డిస్. “ఆయన ఇక్కడైతే లేడు కదా.”

తర్వాత కూజా ఎత్తి డెవ్లిన్‌కి కాఫీ పోసింది. కప్పు నిండినా ఆపక సాసర్‌లోకి కూడా పోసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు నోర్‌డాల్ ఆమెని జబ్బుపడి లేచిన మనిషిని చూసినట్టు చూసింది. లవోన్ హాట్‌డిష్ చేసి తెచ్చి ఇచ్చింది. ఎవరైనా పోయిన ఇంటికి తెచ్చే పెద్ద పళ్ళెంలో తెచ్చింది. పాస్టరమ్మ వచ్చి, మనసు విప్పి మాట్లాడడం దైవకార్యమని చెప్పబోయింది. “నాకు మాత్రం పళ్ళు పీకించుకున్నట్టుంది” అంది ఆర్డిస్. పాస్టరమ్మ ఇంకేం చెప్పలేదు. గోడకి చేట వేలాడుతోంది, అదీ ఒక కారణం కావచ్చు.

కొత్త బిల్లు వచ్చింది. గడువు తీరి చచ్చింది. డెవ్లిన్ ఆ ఉద్యోగం వదిలి ఇంకేదో పెద్ద ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అతని చోటికి వచ్చిన అమ్మాయి ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. “మీ నాయనమ్మగారి పేరు విషయంలో కుటుంబం అభిప్రాయం...”

“కావాలి” అంది ఆర్డిస్. ఫోను పెట్టేశాక, ప్రశ్న పూర్తిగా విననిచ్చి ఉంటే బాగుండేదనుకుని రోజంతా సిగ్గుపడింది.

ఈసారి బిల్లు ఒంటరిగా పాసయింది. ఒక సెనేటరు ఇంకేదో బిల్లు మీద కోపంతో దీన్ని ఒక వేసవంతా ఆపి కూర్చున్నాడు. పేరు మార్పుతో ఆయనకి ఏ పనీ లేదు. కోపం తీరాక చెయ్యి తీశాడు. సంతకమయింది. ‘లింద్–ట్వైటెన్ మిల్లు జాతీయ చారిత్రక స్థలం’. చట్టం మొత్తం ఒక పేజీ. ఓర్లిన్ దాన్ని తెచ్చి ఆర్డిస్ వంటింట్లో చదివాడు. చివర ఒక క్లాజు ఉంది. ఇలాంటి చట్టాలన్నిట్లోనూ ఉంటుంది, ఎవరూ చదవరు.

“‘ఏ చట్టంలో గానీ, పటంలో గానీ, నియమంలో గానీ, ప్రభుత్వపు ఏ కాగితంలో గానీ పాత పేరు ఉంటే, దాన్ని ఈ కొత్త పేరుగానే భావించవలెను.’”

“మళ్ళీ చదువు” అంది ఆర్డిస్.

చదివాడు.

“అంటే డెబ్భైల్లో రాసిన దాంట్లో కూడానా?”

“అందులో కూడా.”

“కొట్టెయ్యకుండానే?”

“కొట్టెయ్యకుండానే. లింద్ అని ఉన్న చోటల్లా ఆవిడ కూడా ఉన్నట్టే లెక్క. మొదట్నించీ.”

ఆర్డిస్ లేచి పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడింది. మర్నాడు మర దగ్గర అద్దాల పెట్టె తుడుస్తూ సంచి ముందు మామూలు కన్నా ఎక్కువసేపు ఆగింది. సంచి మీద ‘లింద్’ అనే ఉంది. సంచి ప్రభుత్వపు కాగితం కాదు, దానికి ఈ క్లాజు వర్తించదని ఏ వకీలైనా అంటాడు. అననీ. ఆ వేళ ఎవరో ఒహాయో నుంచి వచ్చిన దంపతులు, “మీరు వాళ్ళ చుట్టాలా?” అని అడిగారు.

“అవునండీ” అంది. ఎవరి చుట్టమో వాళ్ళు అడగలేదు. అయినా చెప్పింది.

చట్టంలో ఇంకో క్లాజు కూడా ఉంది. ఈ మార్పు కోసం కొత్తగా డబ్బేమీ ఇవ్వబడదు. కాబట్టి హైవే మలుపులో బోర్డు మళ్ళీ చరిత్ర సంఘమే మార్చుకోవాల్సి వచ్చింది. వెర్నెల్ ఊస్ బంగారు రంగు పలక దింపి, ఇంకో పలక మీద రెండు పేర్లూ రాసి నిలబెట్టాడు. ఎంతయిందని ఓర్లిన్ అడిగాడు. “ఎందుకులే ఇప్పుడు” అన్నాడు వెర్నెల్. చర్చిలో లుటెఫిస్క్ చేపల విందులో మళ్ళీ అడిగాడు. “చూద్దాంలే” అన్నాడు. మూడోసారి లవోన్ అడిగే ఉంటుందని ఓర్లిన్ అనుకుంటున్నాడు, ఓర్లిన్ అడిగే ఉంటాడని లవోన్ అనుకుంటోంది. రెండు బోర్డులకీ కలిపి వెర్నెల్‌కి పద్దెనిమిది వందల డాలర్లు ఇంకా రావాలి.